గుండ్ల క్లాసు

వెంగళకుప్పం హైస్కూల్లో చదివిన వాళ్ళను ఊరు సంవత్సరాల లెక్కన గుర్తుపెట్టుకోదు. ఫలానా ఏడు ఎస్సెస్సెల్సీ అని చెప్తే ఎవరికీ తలకెక్కదు. ‘గుండ్ల క్లాసు’ అంటే మాత్రం కిళ్ళీకొట్టు వాడి నుంచి స్టేషను మాస్టరు దాకా అందరూ నవ్వుతారు. శాంతయ్యది ఆ క్లాసే. అయితే ఆ మాట వినబడినప్పుడల్లా అతను మాత్రం నవ్వకుండా చెప్పులు వెతుక్కొని అక్కణ్ణించి జారుకొనేవాడు.

నలభైతొమ్మిదో సంవత్సరం ఏప్రిల్లో హెడ్మాస్టరు సుదర్శనాచార్యులుగారు రిటైరయ్యారు. ఆయనకు వీడ్కోలు సభ గుండ్ల క్లాసే జరపాలనీ, ఒక్కొక్కరూ లేచి బడి రోజులు తలుచుకోవాలనీ చిత్తూరు నుంచి చెంగల్రాయుడు కబురు పెట్టాడు. కబురు వినగానే శాంతయ్యకు అన్నం సహించడం మానేసింది. చెంగల్రాయుడు చిత్తూరులో ఒక వకీలు దగ్గర గుమాస్తా. నోట్లో నువ్వుగింజ నానదు. పైగా సభలో హెడ్మాస్టరు పక్క కుర్చీ శాంతయ్య నాయనకు వేశారు.

శాంతయ్య నాయన దేవసహాయం ఆ ఊరి మిషనులో ఉపదేశి. ఆయనా హెడ్మాస్టరూ రోజూ సాయంత్రం రైలుగేటు దాకా కలిసి నడిచేవాళ్ళు. ఒకరి నుదుట నిలువునా తిరునామం, ఒకరి చంకలో బైబిలు. దేవుడి సంగతి తప్ప తక్కినవన్నీ మాట్లాడుకొనేవాళ్ళని ఊళ్ళో అనుకొనేవారు. అది నిజమే. ఆ ఒక్క సంగతిలో ఇద్దరికీ ఒకరంటే ఒకరికి మహా మొహమాటం.

ఆ మొహమాటమే శాంతయ్యను ఏడేళ్ళు కాపాడింది.

జరిగిందేమిటంటే, అవి యుద్ధం రోజులు. గోడమీద బొగ్గుముక్కతో ఏదైనా రాసినా పోలీసులు వచ్చి ఎత్తుకుపోయేవాళ్ళు. బడి హాల్లో చక్రవర్తిగారి పటం ఒకటి ఉండేది, బంగారు రంగు చట్రంలో, ఛాతీ నిండా పతకాలతో. వీళ్ళు నాలుగో ఫారంలో ఉన్నప్పుడు, ఇన్‌స్పెక్టరు దొర వస్తాడని బడికి సున్నం కొట్టించే వారంలో, చెంగల్రాయుడికి ఆ పటం చూసి మనసు కలుక్కుమంది. తిరుపతికి కూతవేటు దూరంలో ఉంటూ అంత పెద్దమనిషి నుదురు బోసిగా ఉండటం ఏమీ బాగాలేదనిపించింది. హెడ్మాస్టరు మధ్యాహ్నం ముఖం కడుక్కున్నాక మళ్ళీ నామం దిద్దుకోవడానికి ఆఫీసు గదిలో తిరుమణి పెట్టె పెట్టుకొనేవారు. రాయుడు ఆ పెట్టె ఎత్తుకొచ్చి, బెంచీ మీద స్టూలు వేసి ఎక్కి, చక్రవర్తిగారికి అడ్డంగా అరచేయంత, నిలువుగా జానెడు నామం పెట్టాడు. తెల్లగీతలు రెండూ ఆరక ముందే నడుమ ఎర్రగీత కూడా దిద్దాడు. దిగి దూరం నుంచి చూసి ముచ్చటపడుతుండగా హెడ్మాస్టరు లోపలికొచ్చారు. రాయుడు కిటికీలోంచి దూకాడు. ఆయనకు కనబడింది వెనకనుంచి ఒక తల, ఆ తలమీద గుబురు క్రాపు.

పాపం ఆయనకు ముచ్చెమటలు పోశాయి. తిరుమణి తనది, నామం తమ ఇంటి గుర్తు, బడి తనది. దొర కంట్లో పడితే మొదట ఊడేది తన ఉద్యోగం. ఆయనే స్టూలెక్కి ఉత్తరీయంతో పటం తుడిచి, ఆ సాయంత్రం క్లాసులోకి వచ్చి, “ఆ క్రాపు నేను మరిచిపోను. సోమవారం పొద్దున అందర్నీ గోడవైపు తిప్పి నిలబెడతా. వెనకనుంచి చూసి పట్టుకుంటా. పట్టుకున్నాక వాణ్ణి నేనేమీ చెయ్యను. స్టేషనులో అప్పగిస్తా,” అన్నారు. నిజంగా అప్పగిస్తారా అంటే ఏమో. కానీ పదిహేనేళ్ళ పిల్లలకు ఆ గొంతు చాలు.

రాయుడు మర్నాడు గుండు కొట్టించుకుంటే అది నేరం ఒప్పుకున్నట్టే. ఈ చిక్కు విప్పినవాడు సంపత్కుమారు. వాళ్ళది కొండమీద కైంకర్యం చేసే వైష్ణవుల ఇల్లు. వాడికి పిలక ఉండేది కాబట్టి వాడిమీద అనుమానమే లేదు, తల గీయించుకోవలసిన పనీ లేదు. అందుకే ధారాళంగా సలహా ఇచ్చాడు.

“అందరమూ కొండకు పోదాం. క్లాసంతా గుండైతే ఏ గుండును పట్టుకుంటాడు? స్వామికి మొక్కు అంటే ఆయన నోరెత్తలేడు.”

అందరూ శాంతయ్య వైపు చూశారు. ఉపదేశి కొడుకు తిరుమల కొండమీద తల ఇవ్వడమా! నగరి నుంచి వచ్చి చదువుకుంటున్న నేతవాళ్ళ మునస్వామి, “నువ్వు రావద్దులే శాంతా, నీకు అనుకూలం కాదు,” అన్నాడు. కానీ లెక్క అందరికీ తెలుస్తూనే ఉంది. క్లాసులో రాయుడి క్రాపును పోలిన గుబురు క్రాపు ఇంకొక్కటే. అది శాంతయ్యది. సోమవారం అన్ని గుండ్ల నడుమ ఆ ఒక్క క్రాపు నిలబడితే, చెయ్యని తప్పుకు పట్టుబడతాడు. తప్పించుకోవాలంటే రాయుడి పేరు చెప్పాలి. శాంతయ్య సాయంత్రమంతా ఆలోచించి శనివారం తెల్లారి రైలుకు అందరికంటే ముందు వచ్చి కూర్చున్నాడు.

కళ్యాణకట్టలో మంగలి తలమీద నీళ్ళు చల్లి రుద్దుతుంటే కళ్ళు మూసుకొని, “ప్రభువా, ఇది వెంట్రుకల వ్యవహారం మాత్రమే, ఇంకేమీ లేదు,” అని మనసులో విన్నవించుకున్నాడు. తక్కినవాళ్ళు దర్శనానికి పోతే తను బయట చెట్టు కింద అందరి చొక్కాలకు కాపలా కూర్చున్నాడు. చీకటి పడేవేళకు ఇల్లు చేరాడు. వాకిట్లో అమ్మ సుగుణమ్మ ఎదురైంది.

“ఏందిరా ఇది?”

“పేలమ్మా,” అన్నాడు నోటికొచ్చింది.

సుగుణమ్మ దగ్గరకొచ్చి చూసింది. గుండంతా పచ్చగా చందనం. కొండమీద తప్ప ఏ మంగలీ గుండుకు చందనం పుయ్యడు. ఆమె కొంగుతో చందనమంతా తుడిచేసి, లోపలికి కేకేసింది: “వీడి తలనిండా పేలంట, గీయించుకోనొచ్చినాడు!”

అంతటితో సరిపోయేదే. కానీ దేవసహాయం ఆ వారమంతా మిషను హాస్టలు పిల్లల పేలతో వేగుతున్నాడు. జూన్ జూలైల్లో పల్లెల నుంచి వచ్చిన చిన్నపిల్లలు తలనిండా పేలతో దిగేవాళ్ళు. మంగలి మునెయ్యను పిలిపిస్తే గుండు వద్దని ఏడ్చి గోడలు దూకేవాళ్ళు. కొడుకు గుండు చూడగానే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పిల్లల భయం పోగొట్టడానికే వీడు తన తల ముందుగా ఇచ్చాడని ఆయనకు ఆయనే తీర్మానించేసుకున్నాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మర్నాడు ఆదివారం ప్రసంగం దాని మీదే. పిల్లలు వెనక్కి తిరిగి శాంతయ్య గుండును చూశారు. ఆ మధ్యాహ్నం ఒక్కడూ ఏడవకుండా మునెయ్య ముందు కూర్చున్నారు.

ఆ తర్వాత ఏటా హాస్టలు తెరవగానే అదే ప్రసంగం. ప్రతిసారీ శాంతయ్య తల దించుకొనేవాడు. అది వినయమని జనం మెచ్చుకొనేవాళ్ళు. చదువై, ట్రైనింగై, అదే మిషను బళ్ళో పంతులైనా ప్రసంగం ఆగలేదు. దేవసహాయానికి చెప్పుకోవడానికి ఆస్తి లేదు, పేరు లేదు. చెప్పుకోవడానికి ఉన్నది ఆ గుండు ఒక్కటే. అది అబద్ధమని తెలిస్తే ఆయన ఇంకేం చెప్పుకుంటాడన్నది శాంతయ్య దిగులు.

ఇక సోమవారం సంగతి. ఆ పొద్దునే దిగిన ఇన్‌స్పెక్టరు దొర ముందు క్లాసంతా నున్నగా మెరుస్తూ లేచి నిలబడింది. దొర అదిరిపోయి ఇదేమిటని అడిగితే సంపత్కుమారు పిలక ముడేసుకొని ముందుకొచ్చి, “యుద్ధంలో చక్రవర్తిగారు గెలవాలని వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాం సార్!” అన్నాడు. దొర పొంగిపోయి హెడ్మాస్టరు చెయ్యి పట్టుకొని ఊపేశాడు. హెడ్మాస్టరుకు మొదట ఒళ్ళు మండింది. తర్వాత ఆ గుండ్ల నడుమ ఉపదేశి కొడుకు గుండు కనబడింది. అంతే, ఆయన కరిగిపోయారు. అల్లరి సంగతి ఏమైనా, స్వామి ఈ బిడ్డను కూడా పిలిపించుకున్నాడు, ఇది మామూలు మొక్కు కాదు అని నమ్మేశారు. క్లాసయ్యాక శాంతయ్యను పక్కకు పిలిచి గుండు నిమిరి, “మీ నాయనకు నేను చెప్పనులే. ఆయన మనసు నొచ్చుకుంటుంది,” అన్నారు.

చెప్పలేదు కూడా. ఏడేళ్ళు రోజూ కలిసి నడిచినా చెప్పలేదు. దేవసహాయం కూడా, ఆచారపరుడి ముందు పేల సంగతి ఏం బాగుంటుందని ఎత్తలేదు. తక్కిన పిల్లలు తన కొడుకును చూసే గుండు కొట్టించుకున్నారని ఆయన లెక్క, ఊళ్ళో ఎవరూ ఆయన మాట కాదనలేదు. ఇద్దరి నడుమ ఒక గుండు రెండు గొప్ప కథలై నడుస్తూ వచ్చింది.

సభ రోజు శాంతయ్య రాయుణ్ణి హాలు వెనక నీళ్ళ తొట్టి దగ్గరికి లాక్కుపోయాడు.

“రాయుడూ, నీకు దండం పెడతా, ఆ గుండు సంగతి ఎత్తద్దప్పా.”

“ఎత్తకుంటే ఎట్లరా? నువ్వు ఆ పొద్దు తల ఇయ్యకపోయింటే నేను యాడ ఉండేవాణ్ణో! అది చెప్పకుంటే నాకు అన్నం దిగదు. పేరుపెట్టి చెప్తా, పైకి పిలిచి దండేస్తా. దండ గూడా తెచ్చినా, సూడు!” సంచీలోంచి మల్లెదండ తీసి చూపించాడు.

“మా నాయన ముందరే కూచోనుండాడు.”

“కూచోనీ. కొడుకు గొప్పదనం తండ్రి ఇనకూడదా?”

“ఆయన ఇన్న గొప్పదనం వేరే ఉండాది రా!” అని శాంతయ్య పేల కథంతా చెప్పాడు. రాయుడు నవ్వీ నవ్వీ తొట్టి గట్టుమీద కూలబడి, దండతోనే కళ్ళు తుడుచుకున్నాడు. ఆఖరికి, “సరే. మా యమ్మ తోడు, నిజం చెప్పను,” అని ఒట్టేశాడు. ఆ ఒట్టులోనే ప్రమాదం ఉందని శాంతయ్యకు తట్టలేదు.

సభ మొదలైంది. చక్రవర్తిగారి పటం ఉన్న మేకుకు ఇప్పుడు మూడు రంగుల జెండా వేలాడుతోంది. మొదటే దేవసహాయాన్ని రెండు మాటలు చెప్పమన్నారు. ఆయన లేచి, గొంతు సవరించుకొని, ఏటా చెప్పే ప్రసంగమే మొదలుపెట్టాడు.

“ఈ బడి పిల్లలకు ఏం నేర్పిందో నేను జెప్తా. నా కొడుకు నాలుగో ఫారంలో ఉన్నప్పుడు మా హాస్టలు బిడ్డలకు పేలు...”

ముందు బెంచీల్లో గుండ్ల క్లాసంతా ఒక్కసారి వంగిపోయింది. మునస్వామి కండువా నోట్లో కుక్కుకున్నాడు. సంపత్కుమారు, ఇప్పుడు దేవస్థానంలో గుమాస్తా, జెండా వైపు చూస్తూ కళ్ళార్పకుండా కూర్చున్నాడు. హెడ్మాస్టరు అయోమయంగా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పాపం ఉపదేశిగారు అట్లా అనుకుంటున్నారు కాబోలు, అనుకోనీ, అని ఊరుకున్నారు. శాంతయ్య ప్రాణం కుదుటపడబోయింది.

అప్పుడు చెంగల్రాయుడు లేచాడు. నిజం చెప్పనని ఒట్టేశాడు కదా. కోర్టు పక్షి కాబట్టి, ముసలాయన సాక్ష్యానికి తన సాక్ష్యం కూడా కలిపితే కేసు గట్టిపడుతుందనుకున్నాడు.

“ఉపదేశయ్య చెప్పినాడే, అది అక్షరాలా నిజం. నేను సూసినా ఆ పేలను! ఒక్కోటి గోధుమగింజంత. శాంతయ్య తలలోవి మా తలల్లోకి గూడా ఎగబడినాయి. అందుకే క్లాసంతా గుండు కొట్టించుకున్నాం. పేలు తప్ప మరే కారణమూ లేదు!”

“ఆపరా!”

హెడ్మాస్టరు లేచి నిలబడ్డారు. ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో ఆయన దాచుకున్న ఒకే ఒక్క మహిమను వీడు పేలపాలు చేస్తున్నాడు.

“పేలా? కొండకు నడిచిపోయి స్వామికి తల ఇచ్చి, ఇప్పుడు నిండు సభలో పేలంటావా? శాంతయ్య కూడా వచ్చినాడు గదరా! ఆ బిడ్డ గుండు ఈ చేత్తో నిమిరి...”

అక్కడ ఆగిపోయారు. మెల్లగా పక్కకు తిరిగి ఉపదేశిని చూశారు. ఏడేళ్ళు కడుపులో దాచుకున్నది నోరు జారింది.

హాల్లో వాళ్ళందరూ ఉపదేశి వైపు తిరిగారు.

“శాంతయ్యా,” అన్నాడు దేవసహాయం, “కొండకు పోయినావా?”

“పోయినా నాయనా.”

“పేలు?”

“లేవు నాయనా.”

హెడ్మాస్టరు ముఖం కొంచెం వెలిగింది. “అంటే మొక్కే గదా నాయనా?” అన్నారు ఆశగా.

“మొక్కూ కాదు సార్.”

“మరేందిరా?” అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఏడేళ్ళ కిందట చెప్పని పేరు ఇప్పుడు చెప్పడానికి శాంతయ్యకు నోరు రాలేదు. చెంగల్రాయుడు అటూ ఇటూ చూశాడు. వకీలు దగ్గర నేర్చిన వాక్కు ఒక్కటీ పనికిరాలేదు. చేతిలో నలిగిపోయిన మల్లెదండతోనే జెండా మేకు వైపు చూపించి, “ఆ పటానికి నామం పెట్టింది నేనే సార్. నన్ను కాపాడేదానికి వీళ్ళందరూ తలలిచ్చినారు,” అన్నాడు.

హెడ్మాస్టరు వాణ్ణి తేరిపార చూశారు. తర్వాత ఆయన నోట వచ్చిన మాట ఎవరూ ఊహించనిది.

“పాదం లేకుండా పెట్టినావురా! నా పెట్టె, నా తిరుమణి, మా ఇంట్లో ముక్కుమీద పాదం లేనిదే నామమే కాదు! తుడుస్తా తుడుస్తా నాకు అదే బాధ!”

హాలు కప్పెగిరిపోయేట్టు నవ్వింది. “నవ్వతారా? బెంచీలెక్కండి, అందరూ!” అన్నారాయన. పెళ్ళిళ్ళైన వాళ్ళు, మీసాలు దువ్వే వాళ్ళు, దేవస్థానం గుమాస్తా, అందరూ పంచెలు ఎగ్గట్టుకొని బెంచీలెక్కారు. ఊరంతా చప్పట్లు కొట్టింది. బెంచీ మీదనుంచి శాంతయ్యకు నాయన ముఖం కనబడింది. ఆయన నవ్వడం లేదు. బైబిలు ఒళ్ళో పెట్టుకొని నేలకేసి చూస్తున్నాడు. శాంతయ్యకు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం కూడా ఇద్దరు పెద్దలూ రైలుగేటు వైపు నడిచారు. శాంతయ్య తప్పు చేసినవాడిలా వెనకే పోయాడు.

“ఇన్నేండ్లూ నాకెందుకు చెప్పలేదు అయ్యవారూ?”

“మీ మనసు నొచ్చుకుంటుందని. మీరు పేల సంగతి నాకెందుకు చెప్పలేదు?”

“మీరు ఏవగించుకుంటారని.”

కొంత దూరం నడిచాక దేవసహాయం అన్నాడు: “జూన్లో హాస్టలు బిడ్డలకు నేనేం జెప్పేది? అబద్ధమని తెలిసినాక నోరెట్ల వస్తాది?”

గేటు పడింది. రైలు పోయేదాకా ఇద్దరూ నిలబడ్డారు. అప్పుడు దేవసహాయం వెనక్కి తిరిగి కొడుకును దగ్గరికి రమ్మన్నాడు.

“ఇన్నేండ్లు దేవుని మందిరంలో నిలబడి నేను అబద్ధం జెప్పినా. నువ్వు జెప్పించినావు. ఇప్పుడు దాన్ని నిజం చెయ్యి.”

శాంతయ్యకు అర్థమయ్యేసరికి చెయ్యి దానంతటదే క్రాపు మీదికి పోయింది.

జూన్లో హాస్టలు తెరిచారు. పల్లెల నుంచి పిల్లలు పేలతో దిగారు. వేపచెట్టు నీడలో మంగలి మునెయ్య కత్తి నూరుతుంటే అప్పుడే ఇద్దరు గోడెక్కారు. శాంతయ్య చొక్కా విప్పి అందరికంటే ముందు పోయి పీట మీద కూర్చున్నాడు. పంతులే కూర్చోవడం చూసి గోడమీది వాళ్ళు దిగారు. గుబురు క్రాపు గుత్తులు గుత్తులుగా ఒళ్ళో పడుతుంటే పిల్లలు కిచకిచమని నవ్వారు. దేవసహాయం పక్కనే నిలబడి ఈసారి ప్రసంగమేమీ చెయ్యలేదు. ఊరికే చూస్తున్నాడు. ఆయన ముఖంలో ఏప్రిల్లో పోయిన వెలుగు మెల్లగా తిరిగొస్తోంది. వంటింటి వాకిట్లో సుగుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడింది.

సగం గుండయ్యేసరికి గేటు దగ్గర జట్కా ఆగింది. అందులోంచి హెడ్మాస్టరు గొడుగేసుకొని దిగారు. వెనకాలే నూనె రాసి దువ్విన నిగనిగలాడే క్రాపుతో చెంగల్రాయుడు. తిన్నగా వచ్చి కోటు విప్పి గోడమీద పెట్టి, శాంతయ్య పక్కన నేలమీద బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు.

దేవసహాయం వంగి వాడి తలలోకి చూశాడు. “నీకు గూడా పేలేనా నాయనా?”

“లేవయ్యా,” అన్నాడు రాయుడు, మునెయ్యకు తల వంచుతూ. “మీ కొడుక్కు ఒక గుండు బాకీ ఉండా.”